ఎర్రనూలు కండె

రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు, కోడుమూరు నేతగాడు సోమన్న చీరలు అమ్మడానికి కర్నూలు వచ్చాడు. పొద్దున్నే సరుకంతా చెల్లిపోయింది. ఊరి బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఆరు నెలల కడుపుతో వెంట వచ్చిన పెండ్లాం మద్దమ్మకు ఊరు చూపిద్దామని, జట్కా తోలే కాశన్న అనేవాడి బండి ఎక్కించాడు. కాశన్న తుంగభద్ర ఒడ్డు చూపాడు, హంద్రి ఏటి పక్కన నవాబుల గుమ్మటం చూపాడు, ఆఖరున కొండారెడ్డి బురుజు దగ్గర దింపాడు.

బురుజు కింద నల్లటి బిలం.

"ఏటి కింద నుంచి గద్వాల దాకా పోతాదంట. నువ్వేం పోతావులే అప్పా, మగ్గం గుంతలో కూర్చునేటోడివి," అన్నాడు కాశన్న.

ఆ మాట సోమన్నకు గుచ్చుకుంది. రంగు చూపించడానికి తెచ్చిన, పుల్లకు చుట్టిన ఎర్రనూలు కండె తీశాడు. పోగు కొస మద్దమ్మ మణికట్టుకు కట్టాడు.

"వద్దయ్యా. ఇద్దరు బిడ్డలు పోయినారు, ఇది మూడోది. ఇట్లాంటి చోట నాకు దారం కట్టొద్దు."

"ఇంతలో వస్తా. ఊరికే పట్టుకోనుండు."

జట్కా లాంతరు తీసుకొని దిగాడు. గబ్బిలాల కంపు. తడిసిన సున్నం వాసన. వెనక వెలుతురు ఆవగింజంతయి, అదీ పోయింది. ఎక్కడో నీళ్లు బొట్టు బొట్టుగా... ఉన్నట్టుండి లాంతరు ఆరింది. గాలి లేదు.

కండెను లాగి చూశాడు. పోగు వదులుగా వచ్చేసింది. తెగింది.

కొస కోసం చేయి చాచాడు. చీకట్లో, రొమ్మెత్తున, ఒక పోగు తగిలింది. పదో ఏట నుంచి మగ్గం మీద పనిచేసిన వేళ్లు అవి. తెగిన పోగు దొరికితే ఆగవు. అతికేశాయి.

ముడి పడ్డాక తట్టింది... తెగిన పోగు నేల మీద కదా ఉండాల?

పోగు కదిలింది. మెల్లగా. పసిబిడ్డ వేలు పట్టి లాగినట్టు.

కండె పట్టుకునే, గోడలకు గీరుకుంటూ ఎట్లాగో బయటపడ్డాడు. మద్దమ్మ రాతి మీద కూర్చుని ఉంది. చేతిలో ఎర్రనూలు ఉండ.

"నువ్వు పోయిన కాసేపటికే తెగిందయ్యా. నా వైపుదంతా చుట్టేసినా."

"ఏమప్పా, గద్వాల సంత బాగుండాదా?" కాశన్న నవ్వాడు.

సోమన్న మద్దమ్మను బండి ఎక్కించాడు. "బండి తోలు," అన్నాడు.

బజారు దాటాక చూసుకున్నాడు. ఒళ్లో కండె తిరుగుతోంది. ఎర్రపోగు బండి వెనక దుమ్ములో, బిగుతుగా, బురుజు వైపు సాగిపోతోంది.

తెంపుదామని గబుక్కున పోగును పంటి కిందికి తెచ్చుకున్నాడు.

"అబ్బా!" మద్దమ్మ కడుపు పట్టుకుంది.

వదిలేశాడు. కండె మళ్లీ తిరిగింది.

"ఏం లేదులే... బిడ్డ తిరుగుతాండాడు." ఆమె మొహంలో నవ్వు. "చుట్టు మీద చుట్టు తిరుగుతాండాడయ్యా."

ఆ చుట్టు చుట్టుకూ కండె మీద నూలు పలచబడింది. లోపలి పుల్ల కనబడుతోంది.

"కాశన్నా, ఆపు... ఆపప్పా!"

బండి ఆగింది.

కండె ఆగలేదు.