ఎడంచేతి కాజా

కూతురు ఆయన్ని రెండు ముక్కలుగా కత్తిరించింది. పొద్దుటి ముక్క ముసలివాళ్ళని చూసుకునే పెద్దల కేంద్రానికి, మధ్యాహ్నం ముక్క ఇంటికొచ్చే తోడుమనిషికి. రాత్రి అన్నం దగ్గర మిగిలే పీలిక తన వాటా. జన్మంతా గుడ్డ కత్తిరించిన దర్జీకి ఆ మాత్రం తెలియదా?

ఆ పొద్దున స్నానం చేసి బీరువా తెరిచాడు. చొక్కా లేదు.

ఆయన తన కోసం కుట్టుకున్న చొక్కా అది. ఏ చొక్కాకైనా కుట్టు ఆయనది, కాజాలు భార్యవి. దీనికి పైనున్న కాజాలు వేసి, మిగతావి రేపు చూద్దామని సూది గుడ్డకే గుచ్చి పడుకుంది. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి చొక్కా ఆ సూదితోనే వేలాడుతోంది.

"చొక్కా ఏదే?"

కూతురు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నిన్న తోడమ్మాయి తీసుకెళ్ళింది నాన్నా. కేంద్రంలో కాజాలు వేసే ఒకావిడ ఉందట."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఇస్తావా?"

"మీ అమ్మ సూది మీద ఎవత్తో చెయ్యి వేస్తుందా? చాలు. కేంద్రమూ వద్దు, తోడూ వద్దు. ఇవాళ్టితో సరి!"

"సరే. నువ్వు గోడలతో మాట్లాడుకో, నేను ఆఫీసులో కూర్చుని నువ్వు స్టవ్ ఆపావో లేదో అని చస్తా."

"నేను గోడలతో మాట్లాడను. ఎవరితోనూ మాట్లాడను."

"అదేగా నా ఏడుపు!"

ఆయన చెప్పులేసుకున్నాడు. చొక్కా తెచ్చుకుని, మళ్ళీ కేంద్రం గడప తొక్కకూడదనుకున్నాడు.

కేంద్రం గుమ్మంలోనే తోడుమనిషి ఎదురైంది; పొద్దుటిపూట ఆమె పని అక్కడే. "తిట్టండి బాబాయ్, పడతాను. మీ ఇంట్లో సగం చొక్కా చూశాను. ఇక్కడ ఈ పెద్దమ్మ వేళ్ళు చూశాను. ఊరుకోలేకపోయాను."

కిటికీ పక్కన కూర్చుని ఉంది ఆవిడ. ఎప్పుడు చూసినా చేతిరుమాలు మడుస్తూ విప్పుతూ ఉంటే, ఈయన మనసులో 'బొమ్మ' అని పేరు పెట్టుకున్న మనిషి. కన్న కొడుకునే, ఎవరబ్బాయివి నువ్వు, అని అడుగుతుంది. ఒళ్ళో ఆయన చొక్కా. ఒక కొత్త కాజా వేసి, ఇప్పుడు దాన్నే విప్పేస్తోంది.

"పాడు చేసింది!" ఆయన చెయ్యి చాచాడు.

ఆవిడ తలెత్తలేదు. భార్య వేసిన కాజా మీద బొటనవేలు పెట్టి, ముడి ముడినీ తడుముతూ పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ తడిమింది. తర్వాత గుడ్డను తలకిందులు చేసి, తన కుడిచేతి వాటానికి ఎదురు దిశలో కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ముడీ అటువైపే వాలింది, భార్య ముడులు వాలినట్టే.

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఈ పిల్లది ఎడంచేతి వాటం కదూ, అబ్బాయ్?" అంది ఆవిడ.

ఆ మాట ఆయన ఈ కేంద్రంలో ఎవరికీ చెప్పలేదు. తోడుమనిషికీ చెప్పలేదు. కొడుకు ముఖం మరిచిన మనిషికి, ఎన్నడూ చూడని చెయ్యి ఎలా కనిపించింది? పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"అవును," అన్నాడు. "కత్తెర కూడా ఎడంచేత్తోనే పట్టేది. నా కత్తెరలన్నీ మొండి చేసింది."

ఆవిడ నవ్వింది. దారం అయిపోతే సూది ఆయన వైపు చాపింది. ఆయన దారం ఎక్కించి ఇచ్చాడు. మధ్యాహ్నం దాకా అదే పని.

సాయంత్రం కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. చొక్కా ఆయన ఒంటి మీద ఉంది. దగ్గరికొచ్చి, కాజాలను పైనుంచి కింది దాకా వేలితో తడిమింది.

"ఇందులో అమ్మవి ఏవి నాన్నా?"

కూతురు చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆయన వారించలేదు.

"రేపు నన్ను కేంద్రంలో పెందలాడే దింపు," అన్నాడు చివరికి. "అటకమీది గుడ్డలు మూటగట్టమని తోడమ్మాయికి చెప్పు, ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాలి."

"అక్కడ ఏం జరిగింది నాన్నా?"

"అన్నం పెట్టు. ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తొద్దు."

కూతురు చాలాసార్లు ఎత్తింది. ఆయన మాత్రం నోరు విప్పలేదు.