సగం మాత్ర

ఆరున్నరకల్లా బడి వ్యాను తియ్యాలి కాబట్టి ఆవిడ ఇంటి పనులన్నీ ఆరింటికే ఒక కొలిక్కి తెచ్చుకునేది. ఆ రోజు కూడా పొయ్యి మీద టీ మరుగుతుండగా, డబ్బాల వెనక దాచిన మాత్రల అట్ట తీసి, ఒక మాత్రను కూరగాయల కత్తితో మధ్యకు కోసింది. ఒక సగం నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. రెండో సగం అరచేతిలో పెట్టుకుని కూతురి గదిలోకి వెళ్లింది.

"బలానికి మాత్ర. లేచి వేసుకో" అంది, పది రోజులుగా అంటున్నట్టే.

పెద్దది నిద్రపోవడం లేదు. కళ్లు తెరుచుకుని పైకప్పుకేసి చూస్తోంది. మారు మాట్లాడకుండా మాత్ర మింగి, గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు తల్లికి వినపడుతూనే ఉంది. మందు ఒంటికి పట్టేముందు ఇలాంటివి మామూలేలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

చిన్నది పోయి రెండేళ్లయినా, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లనూ ఇంకా పెద్దది అనే పిలుస్తారు. పన్నెండేళ్ల చిన్నది జ్వరంతో ఆసుపత్రిలో చేరి, పదకొండో రోజున కన్నుమూసింది. ఆ తర్వాత ఆరు నెలలు తల్లి మంచం దిగలేదు. తల దువ్వుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పట్లో వంటా, బట్టలూ, తండ్రికి క్యారేజీ కట్టడం, అమ్మకు బలవంతాన నాలుగు ముద్దలు తినిపించడం అన్నీ పద్దెనిమిదేళ్ల పెద్దదే చూసింది. చివరికి ఆవిడ భర్త, కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు, ఒక రోజు పని మానుకుని ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మనసు కుంగుబాటు అని చెప్పి రోజుకో మాత్ర రాసింది, నెలనెలా వచ్చి కనపడమంది. రెండో నెలలో ఆవిడ తనంతట తను లేచి స్నానం చేసింది. నాలుగో నెలలో మళ్లీ వ్యాను తాళాలు చేతికి తీసుకుంది.

ఆ మాత్ర సంగతి వ్యాను యజమానికి తెలియదు. తెలిస్తే, పిచ్చి మందులు మింగే మనిషి చేతికి పిల్లల్ని ఎలా అప్పగిస్తామంటాడని ఆవిడ భయం. సరిగ్గా ఆ భయమే కూతురి విషయంలోనూ అడ్డుపడింది. నెల కిందట పెద్దది కాలేజీ మానేసింది. తిండి తగ్గించింది, పగలంతా దుప్పటి ముసుగులోనే ఉంటోంది. ఆ ముసుగు ఎలాంటిదో ఆవిడకు తెలుసు, అందులో ఆరు నెలలు తనూ ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇరవై ఏళ్ల పిల్ల నలుగురి నోళ్లలో పడుతుంది. తనను బతికించిన మాత్ర తన కడుపున పుట్టినదాన్ని బతికించదా అనుకుంది. మందుల షాపులో ఇంకో అట్ట అడిగితే చీటీలో ఉన్నంతే ఇస్తామన్నారు. అందుకే కత్తి తీసింది. ఏం మందో చెబితే పెద్దది వేసుకోదేమోనని బలానికి అంది. భర్తకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అప్పటినుంచీ ఆవిడకూ ఒంట్లో బాగుండటం లేదు. కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు తీగ తగిలినట్టు ఒక్క జలదరింపు. కాళ్ల కింద నేల మెత్తగా ఉన్నట్టుండేది. నిద్ర చాలక అనుకుంది.

ఆ ఉదయం వ్యానులో పద్నాలుగు మంది పిల్లలున్నారు. మూడో మలుపు దగ్గర అద్దంలోకి చూడబోయి తల తిప్పింది. తలలో ఆ జలదరింపు వరసగా మూడు నాలుగు సార్లు వచ్చింది. రోడ్డు ఒక పక్కకు ఒరిగినట్టయింది. ఏం చేస్తోందో తెలిసేలోపే కాలు బ్రేకును గట్టిగా తొక్కేసింది. సంచులు ఎగిరి పడ్డాయి, ముందు వరుస పాప నుదురు సీటుకు కొట్టుకుంది. ఆవిడ వ్యానును మెల్లగా రోడ్డు వారకు తీసి, ఇంజను ఆపి, వెనక్కు వెళ్లి ఒక్కొక్కరి తలా చెయ్యీ తడిమి చూసింది. ఆ పాపకు చిన్న బొప్పి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.  యజమానికి ఫోను చేసి, కళ్లు తిరుగుతున్నాయనీ ఇంకో డ్రైవరును పంపమనీ చెప్పింది. ఆ డ్రైవరు వచ్చాక పాపకు దెబ్బ తగిలిన సంగతి చెప్పి, తాళాలు ఇచ్చేసి, ఇంటికి నడిచింది.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ వేళకు పనిలో ఉండాల్సిన భర్త సంచి గుమ్మంలో పడి ఉంది. లోపల వంటగది నేల మీద అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెద్దది పక్కనే మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుంది. దాని మణికట్టును అతను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఏమైందండీ?" అంది ఆవిడ.

అరగంట కిందట పెద్దది ఫోను చేసిందని అతను చెప్పాడు. నాన్నా, ఇంటికి రా, నన్ను ఒక్కదాన్నే ఉంచొద్దు అందట. బిగిస్తున్న అద్దం అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చానన్నాడు.

"చచ్చిపోవాలని అనిపిస్తోందట" అన్నాడు మెల్లగా. "ఇదివరకు దిగులుగా ఉండేదట గానీ ఇలా లేదట. ఈ వారం నుంచే, ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టు, ఒకచోట కూర్చోలేనట్టు ఉంటోందట. కొత్తగా ఏమైనా తిన్నావా, తాగావా అంటే, అమ్మ ఇచ్చే బలం మాత్ర తప్ప ఏమీ లేదంటోంది. ఏం మాత్ర అది?"

 ఆవిడకు అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. డబ్బాల వెనక నుంచి అట్ట తీసుకొమ్మని చేత్తో చూపించింది. అతను లేచి తీశాడు, కత్తి గాట్లు పడిన అట్టను తిప్పి తిప్పి చూశాడు. ఆ మందు పేరు అతనికి కొట్టిన పిండే. ఏడాదిన్నరగా నెలనెలా తెచ్చింది తనే.

"నీ మందు దానికి పెట్టావా?"

"నాకు నయమైంది కదండీ. దానికీ నయమవుతుందనుకున్నా."

అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. అట్టను జేబులో పెట్టుకుని, మళ్లీ కూతురి పక్కన కూర్చుని దాని మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు పెద్దది తలెత్తింది.

"మాత్ర ఇచ్చావు. ఏమైందే అని ఒక్కసారి అడగలేదమ్మా" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

ముగ్గురూ అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ ముందు పెద్దదాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచి గంటసేపు మాట్లాడింది. తర్వాత తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టింది. తిట్టలేదు గానీ, ఒక్క మాట కూడా దాచలేదు.

"ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. మీ అమ్మాయిని చూడకుండా ఈ మందు రాయడానికి నాకే ధైర్యం లేదమ్మా. మీకెలా వచ్చింది?" అంది.

ఈ వయసు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో ఈ మందు వల్లే చచ్చిపోవాలన్న ఆలోచనలు ముదురుతాయనీ, అందుకే రాసినప్పుడు తరచూ పిలిచి చూస్తామనీ, ఇంట్లో వాళ్లను కనిపెట్టుకుని ఉండమంటామనీ చెప్పింది. పిల్లకు అసలు ఏం మింగుతోందో కూడా తెలియకపోవడం ఇంకా ప్రమాదమంది. వేసుకున్నది పది రోజులే కాబట్టి దాన్ని ఆపించి, ఇకపై ఏ మందు కావాలో, అసలు కావాలో వద్దో తను చూసి చెబుతానంది. రెండు రోజులకోసారి తీసుకురమ్మంది. అంతవరకూ పిల్లను ఒంటరిగా వదలొద్దనీ, ఇంట్లో మందులన్నీ తండ్రి తాళం వేసి ఉంచాలనీ, ఆలోచనలు మళ్లీ ఉధృతమైతే వేళ చూడకుండా ఆసుపత్రికి తెచ్చేయమనీ చెప్పింది. తల్లి తల తిరుగుడు కూడా మందు ఉన్నట్టుండి సగానికి దించెయ్యడం వల్లేనంది. రేపటినుంచి ఎప్పటిలా ఒక మాత్ర వేసుకోమంది. ఎప్పటికైనా తగ్గించాల్సి వస్తే అది తనతో చెప్పి, మెట్టు మెట్టుగా జరగాలంది. తాను చెప్పేదాకా వ్యాను ముట్టుకోవద్దంది.

బయటికొచ్చాక ఆవిడ యజమానికి తనే ఫోను చేసి ఉన్నదంతా చెప్పింది. డాక్టరు చీటీ పట్టుకొస్తే అప్పుడు చూద్దాం అన్నాడతను. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

సాయంత్రం భర్త ముందు గదిలో ఉన్నాడు. ఆవిడ కూతురి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అడగాల్సింది ఒక్క మాటే. దాన్ని అడగడానికి రెండేళ్లుగా భయపడుతోందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

"ఏమైంది తల్లీ?" అంది.

పెద్దది దుప్పటి అంచు వేళ్ల మధ్య నలిపింది.

"చెల్లి పోయిన రోజు నువ్వు కింద మందుల క్యూలో ఉన్నావు. నాన్న రక్తం తేవడానికి వెళ్లాడు" అంది చివరికి. "అది కళ్లు తెరిచి, అమ్మేదీ అంది. వచ్చేస్తోంది, మెట్లెక్కుతోంది అన్నా. నువ్వెక్కడున్నావో అప్పుడు నాకు తెలీదమ్మా. ఊరికే అనేశా. సరే అంది. తలుపు వైపే చూస్తూ పడుకుంది. మళ్లీ మాట్లాడలేదు."

తల్లి దాని చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం చెప్పి పంపించాను దాన్ని. నీకు చెబుదామంటే నువ్వు మంచం మీద ఉన్నావు. లేచాక, చెబితే మళ్లీ పడిపోతావని భయమేసింది."

ఆ సమయంలో తను మందుల కిటికీ దగ్గర మూడో మనిషిగా నిలబడి, ముందున్నాయన చిల్లర కోసం తడుముకుంటుంటే విసుక్కుంటోంది. ఆవిడకు అది బాగా గుర్తు. చిన్నది చివరికి తనను అడిగిందా, అడక్కుండానే పోయిందా అని ఎన్నిసార్లు లోలోపల కుమిలిపోయిందో లెక్కలేదు. దానికి జవాబు ఇన్నాళ్లూ పక్క గదిలోనే, దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"అమ్మ వస్తోందనుకునే పోయిందన్నమాట" అంది. "అది భయపడకుండా చూశావు కదే. నేను చెప్పాల్సిన మాట నువ్వు చెప్పావు. అంత బరువు ఒక్కదానివే ఎలా మోశావమ్మా?"

పెద్దది తల్లి ఒళ్లోకి ఒరిగిపోయి ఏడ్చింది. చెల్లెలు పోయాక అది అలా ఏడవడం అదే మొదటిసారి. ఆ ఏడుపు విని తండ్రి వచ్చి, ఏమీ అడక్కుండా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

వెక్కిళ్లు కాస్త తగ్గాక తల్లి దాని ముఖం మీది జుట్టు వెనక్కి తోసింది.

"ఆ రోజు పొద్దున్న నుంచీ దాని పక్కన ఉన్నదానివి నువ్వే. ఇంకా ఏమేం అందే? నాకేం కాదులే, చెప్పు" అంది.

పెద్దది కళ్లు తుడుచుకుని, పొద్దున్న చెల్లెలు జడ వెయ్యమని అడగడం దగ్గరనుంచి చెప్పడం మొదలుపెట్టింది.