రేగుకంప కాపలా

సంతోష్ మొదటిసారి జ్యోత్స్నను చూసింది రేగుకంప సందులోంచి.

అంతకు ముందురోజే చండ్రుగొండ అవతలి లంబాడీ తండా కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలువెత్తు కంప వేశారు. కరోనా తండా దాకా వచ్చి, ముళ్లు చూసి వెనక్కి పోతుందని వాళ్ల నమ్మకం. కాపలా డ్యూటీ సంతోష్‌ది. డిగ్రీ పరీక్షలు వాయిదా పడి ఇంటికొచ్చిన కుర్రాడి చేతికి ఒక కర్ర, ఒక విజిల్ ఇస్తే ఏమవుతుంది? ఎస్సై అయిపోయాడు.

స్కూటీ ఆగింది. విజిల్ మోగింది.

"ఆగాలె! ఎక్కడి నుంచి?"

"భద్రాచలం. దవాఖానల నర్సును. పుష్ప మా అక్క. నెలలు నిండినయి, తోడుందామని వచ్చిన."

పుష్ప అంటే సంతోష్‌కు పెదనాన్న కొడుకు కోటేష్ భార్య, వదిన. వాళ్ల పెళ్లప్పుడు సంతోష్ హాస్టల్లో ఉండిపోయాడు. అయినా ఎస్సై ఎస్సైయే.

"బయటోళ్లకు ఎంట్రీ లేదు. దవాఖాన నుంచి వచ్చినోళ్లకు అసలే లేదు. రూల్ అంటే రూల్."

మాస్కు పైన ఆమె కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు అతణ్ని పైనుంచి కిందికి చూసి, గడ్డం దగ్గర ఆగాయి.

"రూల్ మంచిదే గానీ గార్డ్ సాబ్, మాస్కు గడ్డానికెందుకు? గడ్డం దగ్గుతుందా ఏంది?"

వెనక కుర్రాళ్లు గొల్లుమన్నారు. విజిల్ ఊదాలంటే మాస్కు కిందికి లాగాలి కదా అని చెబుదామనుకున్నాడు సంతోష్. చెబితే ఇంకా నవ్వుతుందని మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు.

తండా నాయక్ హీరాలాల్ తాత వచ్చి తీర్పు చెప్పాడు. కంప బయటున్న బడిలో రెండు వారాలుండి, తర్వాత లోపలికి రావాలి.

"మంచి పని తాతా. అక్కకు నాతోని ఏం కావద్దు," అంది జ్యోత్స్న వెంటనే. పోట్లాటకు సిద్ధమైన సంతోష్ కర్ర పక్కన పెట్టి బడి తాళంచెవి కోసం వెళ్లాడు.

రెండు పూటలా వదిన చేసిన జొన్నరొట్టెలు, తొక్కు వెదురు కర్రకు తగిలించి కంప మీదుగా అందించేది అతనే.

"తొక్కుల ఇంత కారమేంది? చంపుదామనా?"

"రుచి తెలుస్తుందో లేదో చూస్తున్న. టెస్టు."

"అబ్బో! డాక్టర్ సాబ్ గూడ అయినవా?"

రెండు వారాలు నిండి కంప జరిపి దారిచ్చిన రోజు, సంతోష్‌కు ఎందుకో దిగులేసింది. పుష్పకు ఆడపిల్ల పుట్టింది. జ్యోత్స్న డ్యూటీకి వెళ్లిపోయింది. ఫోన్ నంబర్ మాత్రం మిగిలింది.

కంప దగ్గర చేతులు కడుక్కోవడానికి బకెట్, సబ్బు ఉండేవి. ముందు సబ్బు అరిగిపోయింది, కొత్తది రాలేదు. బకెట్ ఎవరి పెళ్లికో పోయి అక్కడే ఉండిపోయింది. కంపలో ఒక్కో కొమ్మా మిరపచేలకు, మేకల దొడ్లకు చేరింది. బైకులు పక్కనుంచి బాట చేసుకున్నాయి. మాస్కులు ముక్కు మీంచి గడ్డానికి, గడ్డం మీంచి జేబులోకి దిగాయి. ఎవరినని తప్పుపడతాం? కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. మనిషి ఎంతకాలమని భయపడతాడు?

"ఎవ్వరు వింటలేరు. నన్ను చూస్తే 'విజిల్ వచ్చిండు' అని నవ్వుతున్నరు," అన్నాడు సంతోష్ ఫోన్‌లో.

"అలసిపోయిన్రు సంతోష్. ఇక్కడ మేమూ అలసిపోయినం. అరవకు, బతిమాలు. ముసలోళ్లతోనన్న మాస్కు పెట్టించు."

రెండో వేవ్‌లో హీరాలాల్ తాతకే ఊపిరాడలేదు. జ్యోత్స్న ఎవరెవరికో ఫోన్లు చేసి బెడ్ ఇప్పించింది. తాత బతికి ఇంటికొచ్చాడు. ఆ వారం తండా అంతా మాస్కులు మళ్లీ ముక్కుల మీదికెక్కాయి. పై నెలకు మళ్లీ జేబుల్లోకి దిగాయి.

ఆ రోజుల్లోనే సంతోష్ ధైర్యం చేశాడు. "నిన్నొకటి అడగాలె."

ఏమడుగుతాడో ఆమెకు తెలుసు. "ఇప్పుడొద్దు. ఇక్కడ నాకు ఏడ్చే టైం గూడ లేదు. మీ తండల మళ్ల తీజ్ జరిగిననాడు వస్త. అప్పుడడుగు."

తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు ఆడిపాడతారు. కరోనా వచ్చినప్పటి నుంచి తాత దాన్ని ఆపించాడు.

మూడో ఏడు శ్రావణంలో తీజ్ వచ్చింది. వెంట వానను తెచ్చింది. జ్యోత్స్న స్కూటీ తండా మొదట్లో ఆగింది. అక్కడ ఒకే ఒక్క రేగుకొమ్మ నాటి ఉంది. పక్కనే తడుస్తూ సంతోష్.

ఆమె ముఖంలో నవ్వు లేదు.

"అందరు కంప పీకేసిన్రు. నువ్వొక్కనివే ఇంకా నన్ను ఆపుతున్నవా? దవాఖాన పిల్ల కోడలుగ వద్దన్నదట గదా మీ యాడి?"

"మా అమ్మనా? ఎవరన్నరు?"

"అక్కకు ఎవరో చెప్పిన్రు. తల్లాడ నుంచి నాకు సంబంధం వచ్చింది. పండుగ కాంగనే మాటిస్తనంటుండు మా బాపు."

ఏడాదిగా దాచుకున్న ప్రశ్న అడగబోయి ఒక అడుగు ముందుకేశాడు సంతోష్. అంతలోనే పుష్ప గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"వానల ఏం ముచ్చట్లు? శనగలు నానినయి, రేగుకంప కావాలె. ఇదుగో ఉన్నది గదా! పీకు మరిదీ, జల్దీ!"

తీజ్‌లో అదొక ఆట. ఆడపిల్లలు నానిన శనగల్ని రేగుముళ్లకు గుచ్చాలి. బావ వరసైన కుర్రాళ్లు కొమ్మ ఊపుతూ గుచ్చనివ్వరు. వేళ్లకు ముళ్లు దిగుతాయి, తిట్లు పడతాయి, అందరూ నవ్వుతారు.

నాయక్ వాకిట్లో కొమ్మ సంతోష్ చేతికొచ్చింది. మిగతా పిల్లల వంతులో బాగానే ఊపాడు. జ్యోత్స్న వంతు వచ్చింది. కొమ్మ కదల్లేదు.

ఆమె ఒక శనగ గుచ్చింది. ఇంకొకటి గుచ్చింది.

"సంతోష్ ఊపుతలేడేంది?" అన్నారెవరో.

"ఊపు," అంది జ్యోత్స్న పళ్లబిగువున. "ఊపకపోతే అందరికి తెలిసిపోతది."

"తెల్వనీ. నిన్ను లోపలికి రానీయొద్దని ఉంచలే ఈ కంప. ఎండినప్పుడల్లా కొత్తది నాటిన. కంప ఉంటే నువ్వు ఆగుతవు. ఆగితే నాతోని మాట్లాడుతవు. లేకుంటే సర్రున మీ అక్క ఇంటికి పోతవు. తీజ్ వచ్చింది, అడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

పాట ఆగిపోయింది. అందరూ సంతోష్ తల్లి చాంది వైపు చూశారు.

"నా దిక్కేం చూస్తరు? దవాఖాన పిల్ల వద్దని నేనెప్పుడన్న? భద్రాచలం దూరం, రోజూ తిరిగితే పిల్ల అలసిపోతదన్న. దానికి గింత కథ అల్లిన్రా?"

హీరాలాల్ తాత గొంతు సవరించుకున్నాడు. "నాకు ఊపిరి పోసిన పిల్ల. మీ బాపుతో నేను మాట్లాడత బిడ్డా. ముందుగాల నీ మాటేందో చెప్పు."

జ్యోత్స్న ఇంకో శనగ తీసుకుంది. ఇప్పుడు కొమ్మ కదిలింది. ముల్లు ఆమె వేలికి దిగింది.

"అమ్మా! ఇప్పుడూపుతవా?"

"నేను ఊపలే. చేతులే... వణుకుతున్నయి."

అప్పుడు నవ్వింది జ్యోత్స్న. మాస్కు లేని ఆ నవ్వును సంతోష్ ఇంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

"గార్డ్ సాబ్, ఇగ ఆ కంప పక్కకు పెట్టు. లోపలికొస్త."