తొరికా అడిగేసిన బండి

పైపులో వాననీళ్ళు నిలిచి ఉంటాయని అపెనీసాకి తెలుసు. బస్సెక్కే ముందు వంచి పారబోయాలనీ తెలుసు. కానీ ఆ ఉదయం అతని తలనిండా లోను ఆఫీసే ఉంది.

సిగతోక పట్నం వెళ్ళే బస్సు కిటికీలకి అద్దాలుండవు. వెనక కిటికీలోంచి పైపుని లోపలికి తోసి, అందరి తలల మీదుగా ముందుకి జరుపుతుంటే దాని మూతి వెళ్ళి ఒక అమ్మాయి భుజం మీద ఆనింది. సరిగ్గా అప్పుడే డ్రైవరు బ్రేకు వేశాడు. పైపు ముందుకి వాలింది. లోపలున్న నీళ్ళూ ముందుకే నడిచాయి.

"ఏయ్! ఎవరిదీ గొట్టం?" అమ్మాయి గావుకేక పెట్టింది.

"నాదేనండీ. క్షమించండి. కదలకండి, ఇంకాస్త ఉంది."

"ఇంకాస్త ఏముంది?"

ఆ ఇంకాస్తా ఆమె ఒళ్ళో పడింది.

బస్సంతా ఒక్కసారి ఘొల్లుమంది. పక్క సీట్లో దుంపల బుట్టతో కూర్చున్న అవ్వ ఆమెని ఓదార్చింది. "ఏమనుకోకమ్మా. వీడు పైపుల పనివాడు. అందరికీ ఇంటికొచ్చి నీళ్ళిస్తాడు. నీకు బస్సులోనే ఇచ్చాడు."

అమ్మాయి అవ్వ వైపు చూడలేదు. అపెనీసా వైపు చూసింది. తడిసిన జుట్టు, తడిసిన తెల్ల చొక్కా, వాటి మధ్య మండుతున్న రెండు కళ్ళు. అంత కోపంలోనూ ఆ కళ్ళు బాగున్నాయని అతనికి అనిపించింది. ఆ మాట అప్పుడు పైకి అనకపోవడమే అతను ఆ రోజు చేసిన తెలివైన పని.

పైపుని తెలిసిన కొట్లో అప్పజెప్పి, నడుముకి చుట్టుకున్న సులు సర్దుకుని, మామయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న నల్ల బూట్లు తుడుచుకుని లోను ఆఫీసులోకి వెళ్ళాడు. మేనేజరు నాయుడు గారు లోపలి టేబుల్ చూపించారు. "బండి లోన్లు ఆ అమ్మాయి చూస్తుందయ్యా. కొత్తగా వచ్చింది. పేరు తొరికా."

తొరికా తువ్వాలుతో తల తుడుచుకుంటోంది.

అపెనీసా వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. బూట్లు బిగుతుగా ఉండి కాళ్ళు కదల్లేదు.

"కూర్చోండి. కారేవి ఇంకేమైనా ఉంటే బయట పెట్టి రండి."

"ఏమీ లేవండీ."

"బండి ఎందుకు?"

"స్కూలు హాస్టల్‌లో పని వచ్చిందండీ. ట్యాంకులు పెట్టాలి, పైపులు వెయ్యాలి. సోమవారానికల్లా సొంత బండి ఉంటేనే పని ఇస్తామన్నారు. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. పైపులంటే బస్సులో తెచ్చుకుంటాను..."

"అవును, చూశాను."

"ట్యాంకు మాత్రం పట్టదండీ. డ్రైవర్ని అడిగాను. తిట్టాడు."

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. దాన్ని వెంటనే అదిమేసి "ఏ ఊరు?" అంది.

అతను చెప్పాడు. అంతే, తువ్వాలు కింద పడేసింది. "ఆ ఊరా! నాది తవేయుని దీవిలో బొయిటాసి. మనం తౌవులం కదయ్యా!"

ఒకే కులదైవం నుంచి పుట్టిన రెండు ఊళ్ళవాళ్ళని తౌవులంటారు. బావామరదళ్ళలాగే ఎక్కడ ఎదురుపడినా ఆటపట్టించుకోవచ్చు. కావలసింది లాక్కోవచ్చు. కోపం తెచ్చుకోవడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు. అందుకే ఆ క్షణం నుంచి మీరు పోయి నువ్వు వచ్చింది.

"మీ ఊళ్ళో మగాళ్ళు లంగరు తియ్యకుండానే పొద్దున్నుంచీ తెడ్డు వేస్తారటగా?" అంది తొరికా.

"మీ ఊళ్ళో కొబ్బరికాయ దానంతటదే రాలిపడితే, మళ్ళీ పైకెక్కి చెట్టుకి కట్టి, అప్పుడు కోస్తారటగా?"

అద్దాల గదిలో నాయుడు గారి భుజాలు ఊగుతున్నాయి.

"ఆ బూట్లు బాగున్నాయి. ఇటివ్వు," అంది తొరికా.

"ఇవి మా మామయ్యవి!"

"అయితే ఇంకా బాగున్నాయి."

అపెనీసా వంగి విప్పి ఇచ్చేశాడు. ఆమె వాటిని టేబుల్ మీద పెట్టుకుంది. ఈసారి నవ్వలేదు.

"చూశావా, అడగ్గానే ఇచ్చేశావు. రేపు బండీ ఇంతే. మీ ఊరాయన ఒకాయన ఇలాగే లోను తీసుకున్నాడు. ఒకరు కెరెకెరె అని చేపలకి తీసుకెళ్ళారు. ఒకరు పెళ్ళికన్నారు, ఒకరు రగ్బీకన్నారు. ఆయనేమో రంపం భుజాన వేసుకుని పనికి నడిచి వెళ్ళేవాడు. చివరికి కిస్తీ కట్టలేక బండి వదులుకున్నాడు."

అపెనీసా తల దించుకున్నాడు. ఆ బండిని అతనూ అడిగి తీసుకెళ్ళాడు. కెరెకెరె, అంటే నాకివ్వవా, అని నోరు తెరిచి అడిగినవాళ్ళకి లేదనడం ఊళ్ళో ఎవరికీ చేతకాదు.

"శుక్రవారం షోరూం బండి వేసుకుని మీ ఊరొస్తాను. ఎవరైనా అడిగితే 'ఇవ్వను' అను. ఒక్కసారి అంటే చాలు, లోను నీది."

ఆ సాయంత్రం నుంచే సాధన మొదలైంది. కోళ్ళతో అన్నాడు. అరటిచెట్టుతో అన్నాడు. వాళ్ళ బామ్మ బూబూ వచ్చి పులుసు వడ్డించనా అంటే పొరపాటున ఆవిడతోనూ "ఇవ్వను" అన్నాడు. బూబూ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు బూట్ల కోసమని ఆఫీసుకి వెళ్ళాడు. నిజానికి బూట్ల కోసమే కాదు.

"ఆ పెన్ను ఇవ్వు," అంది తొరికా.

"ఇవ్వను."

"భేష్! ఆ గొడుగు?"

"ఇవ్వను."

"నీ సీసాలో మంచినీళ్ళు?"

"ఇవ్వ..." ఆమె ముక్కు మీద చెమట చుక్క కనిపించింది. "ఎండగా ఉంది కదా. తాగు."

తొరికా సీసా అందుకుని, తాగకుండా అతన్నే చూస్తూ ఉండిపోయింది. "నువ్వు బాగుపడవు," అంది. ఆ తిట్టు మెత్తగా ఉంది. అపెనీసా బూట్లు అడగడమే మరిచిపోయి ఇంటికొచ్చాడు.

శుక్రవారం చినుకుల్లో తెల్లటి బండి ఊళ్ళోకి వచ్చింది. పెద్దలు చాప పరిచి, అతిథులకిచ్చే కావా పానీయం కలిపారు. తొరికా ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఒక చివర కూర్చుంది.

మొదట మామయ్య వైసాకే, అడిగే ముందు చేసే ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి ముందుకు జరిగాడు. "అల్లుడూ, కెరెకెరె. రేపు దుంపలు మార్కెట్‌కి వేసుకెళ్ళాలి."

అపెనీసా నోరు తెరిచాడు. "ఇ... ఇ..."

అందరూ అతని నోటికేసి చూశారు.

"ఇ... ఇబ్బందేముంది మామయ్యా! తీసుకెళ్ళు."

తరవాత చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు ఆదివారానికి అడిగారు. ఇచ్చాడు. రగ్బీ జట్టు మంగళవారానికి అడిగింది. ఇచ్చాడు. సోమవారం ఒక్కటే మిగిలిందని ఊపిరి పీల్చుకునేలోపు మామయ్య మళ్ళీ ముందుకు జరిగాడు. "సోమవారం మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అల్లుడూ. ముసలావిడ."

ముసలావిడని ఎవరు కాదంటారు? అపెనీసా తల ఊపాడు. ఊపుతూనే తొరికా వైపు చూశాడు. ఆమె ఫైలు మూసేసింది.

హాస్టల్ పని పోయింది. బండీ పోయింది. రేపటి నుంచి ఆ ఆఫీసుకి వెళ్ళడానికి సాకు కూడా ఉండదు. మూడింటిలో దేనికోసం ఎక్కువ బాధగా ఉందో చెప్పుకోడానికి అతనికి సిగ్గేసింది.

తొరికా లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు. కానీ చాప మధ్యకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గట్టిగా చప్పట్లు చరిచింది.

"కెరెకెరె. ఈ బండి నాకు కావాలి."

కావా గిన్నె మామయ్య చేతిలో అలాగే ఆగిపోయింది. "ఏ రోజుకమ్మా?"

"ఒక రోజుకి కాదు. లోను తీరేదాకా అన్ని రోజులకీ."

పెద్దలు మొహామొహాలు చూసుకున్నారు. తౌవు అడిగినదానికి అడ్డుపడటమంటే పరువు తక్కువ. అందులోనూ ఆడపిల్ల.

"ఇచ్చాం," అన్నాడు మామయ్య నీరసంగా. "అంత బండితో నువ్వేం చేసుకుంటావు తల్లీ?"

"ఇతనికిస్తాను. పనికి నడుపుకుంటాడు. ఆసుపత్రికంటే ఎప్పుడైనా సరే, ఇతనే తీసుకెళ్ళి దింపుతాడు, సోమవారం కూడా. మిగతావాటికి కావాలంటే ఆఫీసుకొచ్చి నన్నడగండి."

"అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను."

ఆ మాట అంత సులువుగా నోట్లోంచి రావడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. మామయ్య అయితే ఆమె పెదవులకేసి వంగి చూశాడు. ముందుగా బూబూకి నవ్వొచ్చింది. తరవాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

బండి దాకా సాగనంపుతూ అపెనీసా అరటాకు ఆమె తలమీద పట్టాడు. తన తల తడుస్తోంది.

"అందరి బండ్లూ ఇలాగే అడుగుతావా?"

"లేదు. ఇక ఈ ఫైలు మీద నేను సంతకం పెట్టకూడదు కూడా. బండి నాదైపోయింది కదా. నాయుడు సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పి ఆయన చేతే పెట్టిస్తాను."

"మరెందుకు చేశావు?"

"నువ్వు నడిచి పనికెళ్తుంటే చూడలేను కాబట్టి," అంది. చెప్పేశాక చెవులు ఎర్రబడ్డాయి. "మొద్దూ! ఇది కూడా అడిగి చెప్పించుకోవాలా?"

అపెనీసా అరటాకు వదిలేశాడు. ఇద్దరూ తడిశారు. "తొరికా, నేను జన్మలో ఎవర్నీ ఏదీ గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. మీ వాళ్ళింటికి మా వాళ్ళని పంపనా?"

"పంపకపోతే నేనే వచ్చి కూర్చుంటా."

నాయుడు గారు కథంతా విని, కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టారు. సోమవారం బండి ముందు ఆసుపత్రికీ, తరవాత హాస్టల్‌కీ వెళ్ళింది. ట్యాంకులు లేచాయి, కుళాయిలు తిరిగాయి.

పని ముగిసిన వారం బూబూ ఆఫీసుకి ఫోన్ చేసింది. తొరికా వాళ్ళింటికి ఆచారం ప్రకారం తిమింగలం దంతం కానుకగా పట్టుకుని పిల్లనడగడానికి బయలుదేరాలి. చాపలున్నాయి, దుంపలున్నాయి, చుట్టాలున్నారు. రేవుదాకా బండి కావాలి.

"కెరెకెరె తల్లీ," అంది బూబూ.

"ఇచ్చెయ్యవమ్మా, నీ పెళ్ళికే కదా," అన్నారు నాయుడు గారు పక్కనుంచి.

తొరికా డైరీ తిప్పి చూసింది. "వల్ల కాదు బూబూ. ఆ రోజు అతనికి ఎవరిదో కొత్తింట్లో ట్యాంకు పని ఉంది. అది పూర్తి చేసి సాయంత్రం పడవకి అందుకుంటాడు. మీరంతా బస్సులో వెళ్ళండి."

బూబూ ఫోన్ పెట్టేసి, మూటలు కట్టుకుంటున్న చుట్టాల వైపు తిరిగింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"పదండి, పదండి, బస్సు వెళ్ళిపోతుంది. ఈ పిల్లని ఇంకెవరూ అడక్కముందే మనం అడిగెయ్యాలి."