మారియప్పన్ పట్టు

గుడియాత్తం దాటి కొండవైపు పోయే బండిదారిలో పాడుబడ్డ రాతిక్వారీ ఒకటుంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. తప్పతాగినవాడు కూడా అక్కడికొచ్చేసరికి మత్తు దిగి, చుట్టుతిరిగి ఇల్లు చేరతాడు. దాన్ని మారియప్పన్ గుంత అంటారు.

మిషన్లు రాని కాలంలో ఆ క్వారీలో ఒకడు నడుముకు తాడు కట్టుకుని, కొండ అంచున వేలాడుతూ రాయి తొలిచేవాడు. ఇంకొకడు పైన కూర్చుని ఆ తాడు పట్టేవాడు. పట్టేవాడు మారియప్పన్. ఒకనాడు ఈ రాయి మాదంటూ పక్కూరివాళ్లు కొడవళ్లతో వచ్చిపడ్డారు. అందరూ పరిగెత్తారు. మారియప్పన్ పరిగెత్తలేదు — కింద మనిషి వేలాడుతున్నాడు మరి!

"వదలరా తాడు!" అన్నారు. వదల్లేదు. వీపున నరికారు. వదల్లేదు. భుజాన నరికారు… చివరికి మణికట్టు తెగ్గొడితే, వేలాడే మనిషితోపాటు తాడూ, తాడుతోపాటు ఆ చెయ్యీ గుంతలో పడ్డాయి. మారియప్పన్‌ని కూడా కాలితో తన్ని లోపలికే తోశారు. శవాలు రెండూ దొరికాయి. చెయ్యి మాత్రం దొరకలేదు.

అప్పటినుంచీ ఆ చెయ్యి కింద కాచుకుని ఉందనీ, అంచుకొచ్చినవాణ్ణి కాలు పట్టి లాగుతుందనీ చెప్పుకుంటారు. గొర్రెలకాపరి తల పగిలి చచ్చినా, మేక జారిపడినా — అంతా మారియప్పన్ నెత్తినే. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా, జనానికి అదొక సుఖం!

ఈ కథలంటే వరదరాజులుకు ఒళ్లుమంట. అతను పటాలంలో హవల్దారు. జవాన్లకు కొండలెక్కడం, తాడుమీద లోయల్లోకి దిగడం నేర్పే ఉస్తాదు. దిగేముందు రెండు పనులు మరవకూడదని రోజూ గొంతు చించుకునేవాడు. ఒకటి, తాడు చివర ముడి వెయ్యాలి. తాడు పొట్టిదైతే ఆ ముడే మనిషిని ఆపుతుంది, లేకపోతే కొసనుంచి జారి పాతాళానికే. రెండోది, కింద తాడు పట్టేవాణ్ణి కేకేసి అడగాలి. పైవాడు పట్టుతప్పినా, కిందివాడు తాడు బిగలాగితే చాలు, ఉన్నచోటే ఆగిపోతాడు.

ముడి మరిచినవాణ్ణి ఆ తాడుకొసతోనే వీపు చిట్లేలా బాదేవాడు. జాలీ గీలీ లేదు. ఏడిస్తే ఇంకో నాలుగు తగిలించేవాడు.

వరదరాజులు సెలవుమీద ఇంటికొచ్చినప్పుడు, ఒక వానాకాలం సాయంత్రం అతని చెల్లెలు గోమతి మొగుడు సురేంద్రన్ ఆ గుంతలో పడ్డాడు. సురేంద్రన్ మేస్త్రీ. పునాదికి మూలరాళ్లు తెద్దామని కూలీ అప్పాసామితో చిన్న లారీలో పోయాడు. లారీ దిగి రాళ్లు చూస్తుంటే, కాళ్లకింద నానిన అంచు కాస్తా విరిగింది. అప్పాసామి ఊళ్లోకి పరిగెత్తుకొచ్చి చెప్పేసరికే చీకటి పడింది.

వరదరాజులు, గోమతి చేరేసరికి కిందనుంచి మూలుగు వినిపిస్తోంది. టార్చి వేస్తే గుంత అడుగున తెల్లచొక్కా… వంకర తిరిగిన కాలు… రాతిమీద పారుతున్న నెత్తురు. ఫైరింజనుకు ఫోను చేశారుగానీ, వంక పొంగి దారి తెగింది. అది చుట్టుతిరిగి వచ్చేలోగా ఒంట్లో నెత్తురు మిగలదు.

"అన్నా… ఆ మనిషిని నాకు తెచ్చియ్యన్నా," అంది గోమతి. ఆ పిల్లకు ఏడుపు కూడా రావడం లేదు.

కట్టడం దగ్గర్నుంచి అప్పాసామి తెచ్చిన నైలాను తాడును వరదరాజులు లారీ వెనక కట్టాడు. తన పాత నడికట్టు బిగించుకుని, దానికున్న ఇనుప కడియంలోంచి తాడు దూర్చుకుంటున్నాడు. అంతలో మూలుగు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి చేతులు తొందరపడ్డాయి. మిగతా తాడంతా చీకట్లోకి విసిరేశాడు. వాన హోరులో అది ఎక్కడ పడిందో వినిపించలేదు. అంచున వెల్లకిలా వాలి, అలవాటు కొద్దీ కేకేశాడు — "కింద పట్టుకోనుండావా?"

పిచ్చిగాని, కాలు విరిగి పడున్నవాడు ఏం పడతాడు?

క్షణం గడిచింది. తర్వాత కిందనుంచి బొంగురుగా…

"పట్టుకోనుండా… దిగు."

గోమతి గబుక్కున అన్న చొక్కా పట్టుకుంది. "అన్నా… అది ఆయన గొంతు కాదు," అంది గుసగుసగా.

"నొప్పిలో గొంతు యాడ నిలుస్తాది? ఇడువు!"

దిగాడు. బండ తడిసి జారుతోంది. సగానికి పైగా దిగాక నెత్తిన కట్టుకున్న టార్చి రాతికి కొట్టుకుని పగిలింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఇంకొంచెం జారాడో లేదో —

తాడు బిగుసుకుంది.

కిందనుంచి ఎవరో బిగలాగి పట్టారు. కడియం కదలడం లేదు. కిందికి పోలేడు, పైకి రాలేడు.

"సురేంద్రా! తాడు ఇడువు!"

జవాబు లేదు. కానీ ఊపిరి… కాళ్లకింద, బాగా దగ్గరగా, ఎవరిదో బరువైన ఊపిరి.

బూటుకాలితో తన్నాడు. మెత్తగా తగిలింది. మళ్లీ తన్నాడు. పటపటమని పళ్లు విరిగిన చప్పుడు. తాడు ఇంకా బిగిసింది. వంగి, మోకాలి కింద చేత్తో తడిమాడు…

పిడికిలి. చల్లగా, తడిగా, తాడును పట్టుకున్న పిడికిలి.

వరదరాజులుకు చచ్చేంత భయం వేసింది. అంతటి ఉస్తాదుకీ వేసింది, దాచడమెందుకు? భయపడ్డ పటాలంవాడు దండం పెడతాడా — కత్తి తీశాడు.

పొడిచాడు. నరికాడు. కత్తి ఎముకమీద గీరుకున్న చప్పుడుకు తన పళ్లే జివ్వుమన్నాయి. వెచ్చటి నెత్తురు మోచేతిదాకా చిమ్మింది. ఒక వేలు తెగింది. "ఇడువు! ఇడువురా నా కొడకా!" ఇంకో వేలు తెగింది. మిగిలిన వేళ్లు సడలలేదు. కింద ఎవరో నొప్పికి పళ్లు కొరుక్కుంటున్నారు… అయినా వదల్లేదు.

ఇక తాడునే కోసేద్దామనుకున్నాడు. ఎడం చేత్తో జేబులో ఫోను తీసి, లైటు వేశాడు.

చెయ్యి లేదు. ఎవరూ లేరు.

నెత్తుటితో తడిసిన తాడుంది. మోకాలికి జానెడు కింద — తాడు కొస. ముడి లేని కొస! దానికింద ఏమీ లేదు. తాటిచెట్టంత లోతున రాళ్లు, ఆ రాళ్లమధ్య సురేంద్రన్. ఆ కొస గాలిలోనే, గడకర్రలా బిగుసుకుని నిలబడుంది.

ఇంకో రెండు మూరలు జారి ఉంటే…

తాడు మెల్లగా… తొడకు చుట్టుకోవడానికి కావలసినంతే వదులైంది. చుట్టుకున్నాడు. కొస పైకి తీసి ముడి వేశాడు. రోజూ వందమందికి నేర్పే ముడి, చిన్నపిల్లాడిలా మూడుసార్లు తప్పాడు. ముడి బిగిసిన మరుక్షణం, తాడును కిందికి లాగే బరువు పూర్తిగా పోయింది. ఎవరో అమ్మయ్య అన్నట్టు, కింద పెద్ద నిట్టూర్పు వినబడింది.

అతను కేకేస్తే అప్పాసామి లారీలోని మోకు జారవిడిచాడు; దాన్ని కలిపి కట్టుకుని అడుగుకు చేరాడు. సురేంద్రన్ కాలికి గుడ్డ బిగించి నెత్తురు ఆపాడు. ఫైరింజనువాళ్లు వచ్చి ఇద్దర్నీ పైకి లాగారు.

సురేంద్రన్ ముఖమంతా నెత్తురే. తల పగిలిందనుకుని గోమతి వేలూరు ఆసుపత్రిదాకా రొమ్ము బాదుకుంటూనే ఉంది. నర్సు తడిగుడ్డతో తుడిచి చూసింది. నుదుటిమీద గానీ, తలమీద గానీ, చిన్న గీత కూడా లేదు.

తెల్లారాక సురేంద్రన్ కళ్లు తెరిచాడు. మంచం పక్కన బావను చూశాడు. గొంతు పీలగా ఉంది.

"నువ్వు కేకేస్తానే నా పక్కనుంచి ఎవురో ఒగ మనిషి లేచినాడు బావా. రాతిని పట్టుకోని పైకి పాకి, ఆ తాడు కొస అందుకున్నాడు. నువ్వు జారిపోకుండా ఒంటి చేత్తో యాలాడతా ఉండినాడు… కాళ్లు నేలకి తగల్లేదు."

వరదరాజులు తన చేతులవైపు చూసుకున్నాడు. రాత్రినుంచి ఎన్నిసార్లు కడిగాడో. గోళ్ల సందుల్లో నెత్తురు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఆ నెత్తురంతా నా మొకంమీదనే పడింది," అన్నాడు సురేంద్రన్. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒగసారి నరికించుకున్న చెయ్యే గదా బావా… మళ్లా నువ్వు గూడా ఏల నరికితివి?"