నాలుగు వరద కార్డులు

సోమవారం పొద్దున ఏడింటికే మార్కండేయ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ పక్కన కూతురు సౌందర్య. గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేయాలి, దానికి అంచు దగ్గర ఇంకో మనిషి కావాలి. ఇంటర్ చదివే రోజుల నుంచి ఈ ఇంట్లో ఆ మనిషి సౌందర్యే. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. కాలేజీ బస్సు తొమ్మిదింటికి. అప్పటిదాకా తండ్రి పోగు మోసే నాడె విసురుతుంటాడు, కూతురు అంచు అందుకుంటుంది, ఇద్దరూ ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకుంటారు.

ఇవాళ మాత్రం మగ్గం చప్పుడు తప్ప మాట లేదు.

"ఏందే, తండ్రిబిడ్డలకు నోళ్లు పడిపోయినయా?" వంటింట్లో జొన్నరొట్టె కొడుతూ తల్లి భూలక్ష్మి అరిచింది. "నిన్న వనపర్తిల ఆట ఓడిపోయిందంతేనాయె! ఆటన్నంక ఓడుతరు. గంతదానికి ఇల్లంతా పరేషాన్ చేసుడెందుకు?"

సౌందర్య తల ఎత్తలేదు. ఓడిపోయినందుకు అయితే ఆమె ఈపాటికి నవ్వేసేది. ఎలా ఓడిందో తండ్రికీ అన్నకూ చెప్పింది గానీ అమ్మకు అసలు సంగతి తెలియదు. తెలియకూడదనే ఆమె రాత్రంతా పళ్లు బిగబట్టుకుని పడుకుంది.

ఆ ఆట పేరు కోట కార్డులు. నాలుగేళ్ల కిందట ఆమె అన్న భానుప్రకాశ్ ఇంటికి పట్టుకొచ్చాడు. ఎవరి నలభై కార్డులు వాళ్లే ఏరుకుని తెచ్చుకోవాలి. సైన్యాలు, వానలు, వరదలు, కోతులు, ఎన్నో ఉంటాయి. ఎదుటివాళ్ల కోటలో రాళ్లన్నీ ముందు పడగొట్టినవాళ్లది గెలుపు. పందెం లేదు, పైసలు లేవు. అయినా మార్కండేయ మాత్రం ఇప్పటికీ దాన్ని 'పత్తలాట' అనే అంటాడు.

భాను ఆట వేరు, చెల్లెలి ఆట వేరు. భాను తన వంతు మూడుసార్లు తిరిగేలోపే చేతిలో ఉన్నదంతా గుమ్మరిస్తాడు. ఐదు నిమిషాల్లో గెలిచి ఈల వేస్తాడు, లేదా ఓడి ఫోను తీస్తాడు. సౌందర్య అలా కాదు. దెబ్బలు కాచుకుంటుంది, సగం కోట కూలినా కదలదు, ఎదుటివాడి చేతిలో ఏం మిగిలిందో లెక్కపెట్టుకుంటుంది. అతను అలసిపోయాక, దాచుకున్న వరద కార్డు ఒక్కటి దించుతుంది. "దాంతోని ఆడుడంటే దవాఖానల లైన్ల కూసున్నట్టే," అని కుర్రాళ్లు తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే ఓడిపోతారు. అదీ వాళ్ల మంట.

నిన్న వనపర్తిలో ఆఖరి ఆట మహీన్ అనే అమ్మాయితో. మహీన్ కార్డులతో మాట్లాడుతుంది, బల్ల గుద్దుతుంది, ఓడినా గెలిచినా పడీ పడీ నవ్వుతుంది. గెలిచినవాళ్లకు హైదరాబాదు పెద్ద పోటీలో చోటు. మహీన్ కోటలో రెండే రాళ్లు మిగిలాయి. సౌందర్యకు ఒక్క వరద కార్డు దొరికితే చాలు. కట్టలో పైకార్డు తీయడానికి చెయ్యి పెట్టింది, వేలు ఆగిపోయింది.

కార్డు మీది సన్నటి ప్లాస్టిక్ పూతలో గీతలు వేలికి తగిలాయి. కంటికి కనిపించనివి, పోగు మందాన ఉన్నవి. తిప్పి చూడక్కర్లేకుండానే అది వరద కార్డని ఆమెకు తెలిసిపోయింది. ఆ గీతలు ఎవరివో కూడా తెలిసిపోయింది. అందరూ పోగును అడ్డంగా చుడతారు. భూలక్ష్మి చూపుడువేలు చిన్నప్పుడు విరిగి సరిగా వంగదు, అందుకని ఆమె చుట్టు ఏటవాలుగా పడుతుంది. శనివారం మధ్యాహ్నం కొంగు నేయగా మిగిలిన పట్టుపోగు చిక్కుపడకుండా చుట్టడానికి ఏదో గట్టి అట్ట కావాల్సి వచ్చింది ఆమెకు. మగ్గం పక్క గూట్లో విడిగా పెట్టిన నాలుగు కార్డులు కనిపించాయి. చుట్టింది. సాయంత్రం పోగు విప్పుకుని, కార్డులు తుడిచి, ఎక్కడివక్కడ పెట్టేసింది. ఆమెకు అదొక పనిగా కూడా గుర్తుండి ఉండదు.

బల్ల చుట్టూ ముప్పై మంది. ఒక్కరికీ అనుమానం లేదు. కార్డు తీస్తే హైదరాబాదే. సౌందర్య చెయ్యి వెనక్కి తీసుకుని పైకెత్తింది.

"ఇంతియాజ్ భాయ్, జర రండ్రి. నా కార్డులకు గుర్తులున్నయి. ఏ కార్డు వస్తదో నాకు ముందే తెలుస్తుంది."

పోటీ పెట్టిన ఇంతియాజ్ వచ్చి కార్డులు తడిమి చూశాడు. ఆయన వేళ్లకు ఏమీ తగల్లేదు. ఫోను లైటు వేసి పక్కకు వంచి చూస్తే అప్పుడు కనిపించాయి. "ఎట్ల పడ్డయి, బేటీ?" అన్నాడు.

"నా కార్డులు. నాదే జిమ్మేదారీ," అంది సౌందర్య. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నియమం ప్రకారం ఆట మహీన్‌కు వెళ్లింది. మొట్టమొదటిసారి మహీన్ నవ్వలేదు.

ఇదీ జరిగింది. ఇప్పుడు భాను మేడ మెట్లు దిగి, ఫోను పట్టుకుని మగ్గం ముందుకొచ్చి నిలబడ్డాడు. అతను పాత బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. ఆటగాళ్ల గ్రూపులో నలభై మందికీ తెలిసినవాడు.

"చూసినవా ఏం పెడుతుండ్రో? ప్రదీప్‌గాడు రాసిండు, 'గద్వాల పిల్ల గంత మెల్లగ ఎందుకు ఆడుతదో ఇప్పుడు తెల్సింది, కార్డులు తడుముకుంట కూసుంటది' అని. అందరు నవ్వుతుండ్రు. నేను ఆ గ్రూపుల మొఖం ఎట్ల చూపెట్టాలె?"

"గ్రూపుల మొఖం కనవడదు గద, అన్నా," అంది సౌందర్య.

"పరాచికాలాడకు! ఇంతియాజ్ భాయ్ ఫోన్ చేసిండు. సాయంత్రంలోపల మాఫీ అడుగుతూ నాలుగు ముక్కలు రాస్తె గొడవ సద్దుమణుగుతదన్నడు. లేకుంటె వచ్చే నెల పోటీల, నాగర్‌కర్నూల్‌ల ఎవ్వరు నీ ముందు కూసోరంట. నేనే రాసిన. విను." గొంతు సవరించుకుని చదివాడు. "'నా వల్ల తప్పు జరిగింది, క్షమించండి. ఇకమీద అందరిలాగ తొందరగ ఆడుతాను.' గంతే. నీ పేరు మీద పంపుత."

"పంపకు."

"ఎందుకు పంపొద్దు?"

"నేను తప్పు చెయ్యలే గనక! దొంగతనం చేసేదాన్నైతే చెయ్యెందుకు ఎత్తుత? ఇప్పుడు మాఫీ అడిగితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టైతది. అడగ. మెల్లగ ఆడుడు నా ఆట. అది గూడ మార్చుకోను. నీ లెక్క ఆడుతలేనని నీకు ముందునుంచీ సిగ్గే. ఇప్పుడు సందు దొరికింది."

భాను ముఖం ఎర్రబడింది. "నాయినా, చూడు దీని నోరు!"

మార్కండేయ నాడె పక్కన పెట్టాడు. "రెండు ముక్కలు రాస్తె పోయేదానికి గింత లొల్లి ఎందుకు బిడ్డా? ఊళ్లె నలుగురు నాలుగు మాటలంటరు. ఎవ్వరు చూడలేదంటివి. మరి నువ్వెందుకు చెప్పినవ్? చెప్పకుంటె ఈ బాధ ఉండకపోవు."

అన్న ఎన్ని తిట్లు తిట్టినా తగలనంతగా తగిలింది సౌందర్యకు ఆ మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆమె రచ్చలో ఓడి వచ్చింది, ఇప్పుడు ఇల్లూ ఓడిపోతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం తగ్గలేదు.

"నువ్వడుగుతున్నవా నాయినా? పోయిన శ్రావణంల పెండ్లి చీర నేస్తుంటె అంచుల ఒక్క మెలిక తప్పింది. తప్పింది నేను. మూడు జానెలు నేసినంక చూసినవ్. మడతల పోతది, ఎవ్వరు చూడరని నేనే అంటి. మూడు జానెలూ విప్పినవ్. పొద్దుగూకేదాంక ఒక్కొక్క పోగు తీసినవ్. నన్ను ఒక్క మాట అనలే. నీ ఎడమపక్క కూసోని నేర్చుకున్న నేను. ఇప్పుడు నువ్వే ఎందుకు చెప్పినవంటె, నేనేం చెప్పాలె?"

మార్కండేయ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, అక్కడ చెమటేమీ లేకపోయినా.

భాను మాత్రం ఊరుకోలేదు. "అన్ని నీతులు చెప్పినవ్ గద! మరి గీతలు ఎట్ల పడ్డయో చెప్పు. గదొక్కటి చెప్తలేవు. నిన్నటి సంది అడుగుతున్న!" గూట్లోంచి ఆ నాలుగు కార్డులు తీసి నేల మీద విసిరాడు. "ఆకాశం నుంచి పడ్డయా?"

రొట్టె పిండి చేతులతోనే వచ్చిన భూలక్ష్మి వంగి కార్డులు ఏరింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఒక కార్డు మీద బొటనవేలు రాసింది. మళ్లీ రాసింది. గుమ్మంలో వెలుతురుకు వంచి చూసింది. ఏటవాలు గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

"ఇవి... శనివారం నేను..."

"అమ్మా, ఊకో!" సౌందర్య గబుక్కున లేచింది. "రొట్టె మాడుతుంది, పో."

"ఏం పోవాలె? నా చుట్టు నాకు తెల్వదా?" భూలక్ష్మి కార్డును మొగుడి ముందుకు చాపింది. "ఏమయ్యా, ఇటు చూడు. పోగు చుట్టిన. గట్టిగున్నయని చుట్టిన. గంతకే ఆటల ఓడగొడతరా?"

మార్కండేయ కార్డు అందుకుని ఒక్కసారి వేలితో తడిమాడు. "నీ చుట్టే," అన్నాడు మెల్లగా. "తెల్సా బిడ్డా నీకు? అక్కడే తెల్సా?"

సౌందర్య తల ఊపింది.

"మరి ఆడ చెప్పకపోయినవా!" అన్నాడు భాను. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు. "మా అమ్మ తెల్వక చుట్టిందంటే ఇంతియాజ్ భాయ్ ఇంటుండె గద. నాకన్న ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టినవ్, మాఫీ రాసుకొచ్చినవ్. ఎవరు చుట్టినా కార్డులు నావి. ఆటకు ముందు చూసుకునే పని నాది. ముప్పై మంది ముందర మా అమ్మ పేరు తీసి తప్పించుకోవాల్నా? ప్రదీప్‌గాడు రేపటి సంది మా అమ్మ మీద జోకులెయ్యాల్నా?"

భూలక్ష్మి మగ్గం అంచు పట్టుకుని కూలబడింది. ఏడ్చింది. కూతురు ఓడినందుకు కాదు, రాత్రి కూతురు అన్నం సగంలో వదిలేస్తే 'ఆట పిచ్చి' అని తనే తిట్టినందుకు. సౌందర్య పక్కన కూర్చుంటే ఆమె చేతులు పట్టుకుని, "నా బిడ్డవే, నా బిడ్డవే," అంటూ ఏడ్చింది. తర్వాత ఉన్నట్టుండి ముక్కు చీది లేచింది.

"భానూ, ఫోన్ తే. మాట పంపే మీట ఏది?"

"అమ్మా, వద్దు," అంది సౌందర్య.

"నువ్వు చెప్పనన్నవ్, అది నీ పంతం. నేను చెప్త, ఇది నా పంతం. నీ ఒక్కదానికేనా పంతం? నీకు ఎక్కడి సంది వచ్చిందనుకున్నవ్?"

భాను మారు మాట్లాడకుండా తను రాసిన క్షమాపణ చెరిపేశాడు. ఫోను తల్లి నోటి దగ్గర పెట్టాడు. పక్కింటివాళ్లకు కూడా వినిపించేలా మొదలుపెట్టింది భూలక్ష్మి.

"ఇనుండ్రి. నేను గద్వాల మగ్గం మార్కండేయ పెండ్లాన్ని, భూలక్ష్మిని. గా కార్డుల మీద గీతలు నావి. తెల్వక పట్టుపోగు చుట్టిన. నా బిడ్డకు ఆడనే తెల్సు. నా పేరు తియ్యలే. ఇప్పుడు దాన్ని దొంగ అంటుండ్రంట. నేనొక్కటి అడుగుత. గెలిచే ఆటల, ఎవ్వరు చూడని గీత మీ కార్డుకుంటె మీరు చెయ్యెత్తుతుండెనా? ఎత్తుతుంటి అన్నోళ్లు మా ఇంటికి రండ్రి, రొట్టె పెడ్త. లేకుంటె నోరు మూసుకోని ఆడుకోండ్రి. అది మెల్లగనే ఆడుతది. ఓపిక లేనోళ్లు ఓడిపోండ్రి!"

మార్కండేయ పకపకా నవ్వాడు. పెళ్లయిన పాతికేళ్లలో ఆమె తనను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు వనపర్తి పంచుకుంటోందని సంబరపడ్డట్టున్నాడు.

పది నిమిషాలకు గ్రూపులో ఇంతియాజ్ ఒక్క ముక్క పెట్టాడు, 'మాఫీ అక్కర్లేదు. నాగర్‌కర్నూల్‌లో సౌందర్య ఆడుతుంది. ఆమెతో కూర్చోనన్నవాళ్లు ఇంట్లో కూర్చోవచ్చు.' ఆ తర్వాత మహీన్ గొంతు వచ్చింది. ఎప్పటి నవ్వు లేకుండా, కొంచెం తడబడుతూ.

"చాచీ, నిజం చెప్పాల్నంటె నేనైతె చెయ్యెత్తకపోతుంటి. నిన్నటి సంది నిద్ర పడతలేదు. సౌందర్యా, మళ్ల ఒక్క ఆట ఆడుదమా? గెలిచినోళ్లే హైదరాబాద్ పోవాలె. చాచీ, చెయ్యెత్తనిదాన్నైనా నాకు రొట్టె పెడ్తరా?"

భాను ఆశగా చెల్లెలి వైపు చూశాడు. సౌందర్య ఫోను అందుకుంది.

"మళ్ల ఆడేదేం లేదు, మహీన్. నువ్వు గెలిచినవ్, నువ్వే పో. బల్ల గుద్దుకుంట, నీ లెక్కనే ఆడు. వచ్చే ఏడు నేనొస్త, నిన్ను ఓడగొట్టే వస్త. రొట్టె సంగతి మా అమ్మనే అడుగు."

"రా తల్లీ," అంది భూలక్ష్మి వెనక నుంచి, కళ్లు తుడుచుకుంటూ. "నిజం చెప్పినవ్ గద, నీకు రెండు పెడ్త."

బస్సుకు ఇంకా అరగంట ఉంది. సౌందర్య మగ్గం దగ్గరికి వస్తే మార్కండేయ జరిగి చోటిచ్చాడు. నాడె తీసుకుని, విసరకుండా కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. "నేనట్ల అడగకపోవాల్సింది బిడ్డా," అన్నాడు. సౌందర్య అంచు పోగు సరిచేసుకుంటూ, "విసురు నాయినా, టైమైతుంది," అంది. 

భూలక్ష్మి ఆ నాలుగు కార్డులూ కడిగి ఆరబెడదామని పట్టుకొచ్చింది. "ఆటకు ఇంక పనికి రావమ్మా. నువ్వే ఉంచుకో," అంది సౌందర్య, "పోగు చుట్టుకుందువు."

భూలక్ష్మి గడపలో కూర్చుంది. కండెలో మిగిలిన పట్టుపోగు లాగి, మొదటి వరద కార్డుకు చుట్టడం మొదలుపెట్టింది. వంగని వేలితో, ఎప్పటిలాగే ఏటవాలుగా.