కళ్ళు లేని బోర్డు

బోర్డు గోడకెక్కిన పూటే గొడవ మొదలైంది.

తొంభై రెండు జూన్ నెల. సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో, టైపు ఇన్‌స్టిట్యూట్ మేడకు ఆరడుగుల రేకు బోర్డు బిగించాడు భిక్షపతి. "ప్రమీలాదేవి గారి ఆత్మవిశ్వాస తరగతులు, ప్రతి ఆదివారం ఉదయం" అని గుండ్రటి అక్షరాలు. పక్కన టీచరమ్మ బొమ్మ. కొప్పు ఉంది, బొట్టు ఉంది, చెవులకు దుద్దులున్నాయి, పెదవుల మీద సన్నటి నవ్వు కూడా ఉంది. కళ్ళు మాత్రం లేవు.

అతను నిచ్చెన దిగి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆర్టిస్టు గారూ, కండ్లు ఏడ మర్చిపోయిన్రు?"

తిరిగి చూశాడు. ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పే స్వరాజ్యం. ఎడమచెయ్యి నడుము మీద ఉంది. కుడిచెయ్యి చీర కొంగులో చుట్టుకుని ఉంది.

"మర్చిపోలే మేడం. కండ్లు నాకు రావు."

"రావంటే?"

"మా బాపు పెడ్తడు. చేర్యాలల."

"అట్లనా. అయితే బోర్డును చేర్యాల బస్సెక్కిద్దాం. టికెట్టు ఫుల్లా, హాఫా?"

ఎదురుగా గడియారాలు బాగుచేసే అఫ్సర్ కంటికున్న భూతద్దం ఊడిపడేలా నవ్వాడు. భిక్షపతికి చెవులు వేడెక్కాయి. జవాబేదో ఉండే ఉంటుంది, కానీ అది గొంతు దాటి రాలేదు. అతని జవాబులన్నీ అంతే, మనిషి వెళ్ళిపోయాక తీరిగ్గా వస్తాయి.

భిక్షపతిది చేర్యాల నకాషీల ఇల్లు. కథలు చెప్పేవాళ్ళు ఊరూరా విప్పి చూపించే పొడుగాటి బొమ్మల పటాలు గీయడం వాళ్ళ తాతల నాటి పని. పదేళ్ళప్పటి నుంచి చింతగింజల గంజి కాచాడు, గుడ్డకు తెల్లసుద్ద పూశాడు, గీతలు గీశాడు, వెనకాల ఎర్రరంగు నింపాడు, నగలు దిద్దాడు. అంతా అయ్యి కళ్ళ దగ్గరికి వచ్చేసరికి బాపు వెంకటనర్సయ్య చెయ్యి చాచేవాడు. "ఇటియ్యి కొడుకా, కండ్లు నేను పెడ్త."

పద్నాలుగేళ్ళు అదే మాట. కళ్ళు పెడితేనే బొమ్మకు ప్రాణం. ఆ ప్రాణం పోసే చెయ్యి తనది కాదని భిక్షపతి ఎప్పుడో తీర్మానించుకున్నాడు. సగం ఆర్టిస్టునని ఒప్పుకుని, సిద్దిపేట వచ్చి బోర్డులు రాసుకుంటున్నాడు. అక్షరాలకైతే కళ్ళుండవు కదా.

చప్పుడు విని ప్రమీలాదేవి మేడ దిగి వచ్చింది. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, హైదరాబాదులో మూడు నెలలు ఏదో ట్రైనింగ్ చేసి వచ్చి ఈ తరగతులు పెట్టింది. ఊళ్ళోవాళ్ళు వాటికి "ధైర్యం ట్యూషన్" అని పేరు పెట్టేశారు. ఆమె బోర్డును కిందికీ మీదికీ చూసింది.

"మొహం బాగనే తీసినవు. కండ్లు నీకు రావని ఎవరన్నరు?"

"ఎవరన్నరంటే... నాకు రావు టీచర్."

"ఆదివారం నుంచి క్లాసుకు రా. నువ్వు కండ్లు పెట్టేదాక బోర్డు గిట్లనే ఉంటది."

"జనం నవ్వుతరు టీచర్."

"నవ్వనియ్యి. నవ్వుకుంటనన్న బోర్డు చదువుతరు."

క్లాసు అంటే పెద్ద ఉపన్యాసం ఉంటుందనుకున్నాడు. అలాంటిదేమీ లేదు. ఎనిమిది మంది, ఒక చాప, ఒక కూజా, హాజరు వేసేందుకు స్వరాజ్యం. మీరంతా గొప్పవాళ్ళని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా "నాకు రాదు" అన్నా, "నేను పనికిరాను" అన్నా మూడే ప్రశ్నలు వేసేది. ఎవరన్నరు? ఎప్పుడన్నరు? ఏ మాటల్ల అన్నరు? జవాబు తెలియకపోతే పోయి ఆ మనిషినే అడిగి రావాలి. ఫీజుకైతే ఆమె ఆగుతుంది కానీ దీనికి ఆగదు.

రెండో ఆదివారమే అఫ్సర్ జవాబులు తెచ్చాడు. ఆరేళ్ళుగా అతనికి మామ ఎదురుపడితే మాట పడిపోతోంది.

"అడిగిన టీచర్. నన్ను చేతగానోడని మామ ఎన్నడు అనలేదంట. నా పెండ్లినాడు ఒక్కమాటన్నడట, నీ గడియారం ఐదు నిమిషాలు లేటున్నది అని. అంతే. దాన్ని పట్టుకొని ఆరేండ్లు వణికిన."

"ఇప్పుడు సరిచేసినవా గడియారం?" అంది స్వరాజ్యం హాజరు పుస్తకంలోంచి తలెత్తకుండా.

అందరూ నవ్వారు. భిక్షపతి మాత్రం నవ్వడం మరచి ఆమెనే చూశాడు. ఆమె తలెత్తింది. అతను గబుక్కున కూజా వైపు తిరిగాడు.

అప్పటి నుంచి అతనికి పని లేకపోయినా ఆ గల్లీలో పని తగులుతూనే ఉంది. అఫ్సర్ దుకాణం మెట్ల మీద కూర్చుంటే కింది గదిలోంచి టైపు మిషన్ల చప్పుడు వినిపించేది. పది మిషన్లు కొడుతున్నా స్వరాజ్యం మిషను ఏదో తెలిసిపోయేది. వేగంగా పరుగెత్తుతూ మధ్యమధ్య ఒక చిన్న తడబాటు, మళ్ళీ పరుగు. ఆ తడబాటు ఎందుకో అతనికి తెలుసు. మొదటిరోజే కొంగు జారినప్పుడు చూశాడు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది. బొమ్మలు గీసేవాడి కళ్ళు, ఏదీ వదిలిపెట్టవు. కానీ అది కొరత అని అతనికి తోచనే లేదు. ఆ చెయ్యి గీయాలంటే గీత ఎక్కడ ఆపాలో మాత్రం ఆలోచించాడు. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు గీశాడో, అన్నీ మనసులోనే.

నాలుగో ఆదివారం బయట వాన మొదలైంది. ఎవరూ అడగకుండానే స్వరాజ్యం పుస్తకం మూసింది.

"టీచర్, నాదొకటి రాసుకోన్రి. నన్నెవ్వరు చేసుకోరు."

గదిలో అందరూ చూపులు దించుకున్నారు.

"ఎవరన్నరు?" అంది ప్రమీలాదేవి ఎప్పటి గొంతుతోనే.

"పిల్లను చూడ వచ్చినోళ్ళు. పోయిన వైశాఖంల. పిల్ల మంచిదే గని చేతికి కొరత ఉన్నది అన్నరు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్ల వేలు పోయింది."

"ఎంతమంది అన్నరు?"

"ఒక్కామె. పిలగాని తల్లి."

"ఒక్కామె అన్నది. నువ్వు దాన్ని లోకమంత అన్నట్టు రాసుకున్నవు."

 స్వరాజ్యం చూపు ఒక్కక్షణం భిక్షపతి వైపు వచ్చి ఆగింది. ఆ క్షణంలో అతను ఏదైనా అనాల్సింది. ఒక్కమాట చాలు. నోరు తెరిచాడు కూడా. ఇంతలో ఎవరో తుమ్మారు, క్లాసు అయిపోయింది.

కింద అరుగు మీద వాన తగ్గేదాకా ఇద్దరూ నిలబడ్డారు. మధ్యలో మూరెడు దూరం, ఆ దూరంలో చూరు నీళ్ళు.

"క్లాసుల నువ్వేమనలేదు," అంది ఆమె.

"నాకేమనాల్నో..."

"రాదు. అంతేనా?"

అతను తలవంచుకున్నాడు.

"సంగారెడ్డి కలెక్టరాఫీసుల టైపిస్టు పోస్టొచ్చింది. సోమవారం పోతున్న."

పోవద్దు అనడానికి నేనెవర్ని అనుకున్నాడు. సగం ఆర్టిస్టు, సగం మనిషి. చివరికి అతని నోటి నుంచి వచ్చింది ఇదీ: "మంచిది మేడం."

ఆమె బోర్డు వైపు చూసింది. "టీచరమ్మకు కండ్లు లేవు, నీకు నోరు లేదు. ఇద్దరు ఇద్దరే." వాన తగ్గకముందే దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు, పిలవలేదు.

ఆ తర్వాత గల్లీలో పది మిషన్లూ మోగేవి. ఎక్కడా ఆ తడబాటు లేదు. ఆ చప్పుడు వింటే అతనికి ఏడుపొచ్చేది.

రోజూ సాయంత్రం బస్టాండుకు పోయేవాడు. సంగారెడ్డి బస్సు బోర్డు తను రాసిందే. బస్సు ఆగగానే గుడ్డతో ఆ అక్షరాలు తుడిచేవాడు. ఈ అక్షరాలు పొద్దున ఆమె ఉన్న ఊళ్ళో ఉన్నాయి కదా అనుకునేవాడు.

"భాయ్, దాని మీద దుమ్మెప్పుడో పోయింది," అన్నాడు అఫ్సర్. "ఇగ రంగు పోతున్నది. ఉత్తరమన్న రాయరాదు."

"ఏమని రాయాలె?"

"రాదు అని రాయి. నీకు బాగ వచ్చిన మాట అదే."

శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. ఒక ఆదివారం క్లాసయ్యాక ప్రమీలాదేవి అతన్ని ఆపింది.

"అందరు జవాబులు తెచ్చిన్రు. నీవి మూడు బాకీ ఉన్నయి. బతుకమ్మ లోపల క్లాసులు అయిపోతయి."

"బాపునెట్ల అడగాలె టీచర్? నిజంగనే నీకు రాదురా అంటే?"

"అంటే అప్పుడు నేర్చుకుంటవు. అనకుంటే ఇన్నేండ్లు ఉత్తగ ఏడ్చినట్టు. రెంటిల ఏదైన, తెలుసుకున్నోడే బాగుపడ్తడు."

మర్నాడు పొద్దున చేర్యాల బస్సెక్కాడు. ఇంట్లో బాపు పటం ముందర కూర్చుని ఉన్నాడు. గీతలు, రంగులు పూర్తయ్యాయి. పక్కన అవ్వ, అంటే అతని తల్లి మల్లమ్మ, దీపం వెలిగిస్తోంది. కళ్ళు పెట్టే వేళన్నమాట. భిక్షపతి గుమ్మంలోనే నిలబడి అడిగేశాడు.

"బాపు, నాకు కండ్లు పెట్ట రాదని నువ్వెప్పుడన్నవు?"

వెంకటనర్సయ్య కుంచె దించాడు. "నేనెప్పుడన్నర?"

"అనలే. కుంచె గుంజుకున్నవు. పద్నాలుగేండ్ల సంది."

బాపు కొడుకును చూశాడు, తర్వాత అవ్వను చూశాడు. "మన ఇంట్ల పెండ్లిగానోడు కండ్లు పెట్టడు కొడుకా. పెండ్లాం కుడిచేత్తోని దీపం పడ్తె మగడు పెట్టాలె. నాకు మీ తాత పెండ్లైనంకనే కుంచె ఇచ్చిండు. మీ అవ్వ పట్టపగలు దీపం పట్టుకొని ఎందుకు నిలబడ్తదనుకున్నవు?"

"చీకటి అనుకున్న," అన్నాడు భిక్షపతి నీరసంగా.

అవ్వ దీపం కింద పెట్టి మరీ నవ్వింది. "పెండ్లి మాటెత్తితే లేచిపోతివి. మేమేమో వీనికి కండ్లు పెట్టుడు ఇష్టం లేదు గావచ్చు అనుకుంటిమి."

పద్నాలుగేళ్ళ బరువు ఇంత చిన్నదా అని భిక్షపతి గుమ్మంలోనే కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాస్త కాస్త చేశాడు.

"ఇప్పుడడిగినవంటే మనసుల ఎవలో ఉన్నరు," అంది అవ్వ.

"ఉన్నది. సంగారెడ్డిల టైపు కొడ్తది." గడప పట్టుకుని లేచాడు. "కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటదవ్వ."

"దీపం పట్టనీకి ఎన్ని వేళ్ళు కావాలెర?"

బాపు కుంచెను నీళ్ళలో ముంచాడు. "వేళ్ళతోని బతికే పిల్ల. మనోళ్ళే. పోయి అడుగు."

ఆఖరి క్లాసునాడు మళ్ళీ వాన. బతుకమ్మకు ఇంటికొచ్చిన స్వరాజ్యం, టీచరమ్మ కార్డు రాసి పిలిచిందని వచ్చి, తలుపు దగ్గరే కూర్చుంది. కుడిచెయ్యి ఎప్పటిలాగే కొంగులో ఉంది. ఇంకా కళ్ళు లేని బోర్డును కిందే చూసి వచ్చిందని ఆమె మొహమే చెబుతోంది.

భిక్షపతి లేచి నిలబడ్డాడు. 

"నా జవాబులు తెచ్చిన టీచర్. ఎవరన్నరు? ఎవ్వరనలేదు. ఎప్పుడన్నరు? ఎప్పుడు అనలేదు. ఏ మాటల్ల? మాటే లేదు. నేనే అనుకున్న."

బాపు చెప్పిన ఇంటి రివాజు అంతా చెప్పాడు. అవ్వ దీపం సంగతి వచ్చేసరికి అఫ్సర్ గోడకు మొహం తిప్పుకుని నవ్వాపుకున్నాడు. అప్పుడు భిక్షపతి తలుపు వైపు తిరిగాడు.

"ఆ రోజు అనాల్సింది ఈ రోజు అంటున్న. ఆలస్యమైతే కాదను, ఏమనుకోను. నాకు దీపం పట్టే మనిషివి నువ్వే కావాలె, స్వరాజ్యం."

మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.  

"ఏ చేత్తోని పట్టాలె?" అంది స్వరాజ్యం. గొంతులో ఎప్పటి ఎగతాళి లేదు.

"కుడిచేత్తోనే. అదే రివాజు."

"నా వేలు సంగతి ఎరుకుండే అంటున్నవా?"

"మొదటిరోజే చూసిన. నువ్వు సంగారెడ్డి పోయినంక మిషన్ల చప్పుడు వినబుద్ధి కాలే. చూసుడు నాకు వచ్చు. చెప్పుడే రాకపాయె."

ఆమె మెల్లగా కొంగు విప్పింది. పెళ్ళివారి ముందు దాచుకున్న చెయ్యి, రెండేళ్ళుగా మిషను ముందు తప్ప గల్లీలో ఎవరికీ చూపించని చెయ్యి, అందరి ముందూ బయటికి వచ్చింది. దీపం పట్టుకున్నట్టే ముందుకు చాపింది.

"గిట్లనా?" అంది.

"గట్లనే," అన్నాడు భిక్షపతి. 

మాఘంలో పెళ్ళయింది. సిద్దిపేటకు బదిలీ కావాలని స్వరాజ్యం దరఖాస్తు తానే టైపు కొట్టుకుంది. అత్తగారింట్లో పటం ముందర మొదటిసారి దీపం పట్టి వచ్చిన మర్నాడే, ఇద్దరూ గల్లీలోకి నిచ్చెన తెచ్చారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. నడివీధిలో స్టూలెక్కి కుడిచేత్తో దీపం పట్టుకుని నిలబడింది స్వరాజ్యం. గల్లీ అంతా గుమిగూడి నవ్వింది. ఆమె చెయ్యి దించలేదు.

భిక్షపతి మొదటి కన్ను పెట్టాడు. తర్వాత రెండోది. దిగి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

ప్రమీలాదేవి కళ్ళజోడు సవరించుకుని బోర్డును చూసింది. పక్కనున్న స్వరాజ్యాన్ని చూసింది. మళ్ళీ బోర్డును చూసింది.

"ఒరే పిలగా, ఇవి నా కండ్లు గావు."

"ఏం చెయ్యాలె టీచర్," అన్నాడు భిక్షపతి. "వేరే కండ్లు నాకు రావు."